ఎదురు పురి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడపిల్ల చేతులు ఊరికే ఉండటం ఎవరూ చూసి ఎరగరు. ఆవుల వెంట పోయినా, చేలో పిట్టలు తోలడానికి కూర్చున్నా, వాకిట్లో నలుగురం చేరి ఊరి వాళ్ళందరి మీదా చెప్పుకుంటున్నా, చేతిలో తకిలి తిరుగుతూనే ఉండాలి. ఇప్పటి పిల్లలకు తకిలి అంటే ఏంటో చెప్పాల్సి వస్తోంది, నా ఖర్మ. ఒక వెదురుపుల్ల, దాని అడుగున గుండ్రంగా అరగదీసిన పెంకు బిళ్ళ. పుల్లను వేళ్ళతో గిర్రున తిప్పి వదిలితే అది వేలాడుతూ తిరుగుతుంది, పై చేతిలో ఉన్న పత్తి ఏకులోంచి పోగు సాగుతుంది. మూరెడు సాగాక పుల్లకు చుట్టుకోవాలి, మళ్ళీ తిప్పాలి. ఇంతకుమించి అందులో ఏమీ లేదు. ఇప్పుడు సీమ నూలు బండ్ల మీద దిగుతోంది, పోతనూరుకు రైలే వచ్చేసింది, ఇంక దీన్ని పట్టుకునేదెవరు? మొన్న నా మనవరాలు నా తకిలిని తీసి పొయ్యిలో పెట్టబోయింది. నేను అరిచిన అరుపుకు పెరట్లో ఉన్న కోడలు కూడా పరిగెత్తుకొచ్చింది. ముసల్దానికి ఒక పుల్ల మీద ఇంత ప్రాణమేంటని అందరూ నవ్వారు. చెప్పకపోతే వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందుకని ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఎవరూ నవ్వలేదు.

అవి కుంపిణీ దొరతనం రోజులు. మా ఊరు అవినాశికి ఆమడ దూరం. చుట్టూ నల్లరేగడి, ఎటు చూసినా పత్తి చేలే. మావాళ్ళు ఎన్నో తరాల కిందట ఉత్తరాన్నుంచి వచ్చి ఇక్కడ అరక కట్టారట. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, మగ్గాల వీధికి పోతే కన్నడం. నాకు మూడింట్లోనూ ముందు వచ్చింది తిట్లే. నోరు పెద్దదని మా అమ్మ ఎప్పుడూ అనేది. నిజమే, నా నోరు పెద్దదే. ఈ కథంతా ఆ నోటివల్ల వచ్చిందే.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. ఆ ఇంటి పిల్లా నేనూ ఒకే నెలలో పుట్టామట. ఆ పిల్ల పేరు చెప్పను. ఇన్నేళ్ళలో ఆ పేరును నేను పైకి పలికింది లేదు, ఇప్పుడూ నా వల్ల కాదు. నా జతగత్తె అంటాను, అర్థం చేసుకోండి. నేను ఎంత వాగుడుకాయనో అది అంత మాట పొదుపు. పొద్దున్నే గోడ మీదుగా "ఒసే అమ్మిణీ" అని ఒక్క పిలుపు వినబడేది. మళ్ళీ దీపాలు పెట్టే వేళ దాకా మా ఇద్దర్నీ విడదీయడం ఎవరి తరమూ అయ్యేది కాదు. కంబు గంజి, అదే సజ్జ గంజి, ఒకే ముంతలో తాగేవాళ్ళం. దానికి కుడిపక్క పన్ను ఊడితే నాకూ ఊడాలని నేను రోజూ నా పన్ను పీక్కునేదాన్ని, అంత పిచ్చి.

దానికి ఎడమచేతి వాటం. పుర్రచెయ్యి అంటారు మావాళ్ళు. వాళ్ళమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. మంచి మనిషే, కానీ కూతురి చెయ్యి విషయంలో మాత్రం మహా కఠినం. అన్నం ముద్ద ఎడమచేత్తో ఎత్తితే మణికట్టు మీద గరిటె కాడతో ఒకటి పడేది. ముగ్గు ఎడమచేత్తో వేస్తే తుడిచి మళ్ళీ వేయించేది. అత్తవారింట్లో ఎవరేమంటారోనని ఆవిడ భయం. తినడం, ముగ్గు వేయడం, బొట్టు పెట్టడం అన్నీ కుడిచేతికి మార్చింది గానీ, తకిలి మాత్రం మారలేదు. చెట్టు చాటుకో చేలోకో పోయి ఎడమచేత్తోనే తిప్పేది. అలా తిప్పినప్పుడు వచ్చే నూలు చూడాలి! వెంట్రుక లాంటి పోగు, ఎక్కడా ఒక బొడిపె ఉండేది కాదు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ ఆ పోగును బొటనవేలి గోటి మీద వేసుకుని చూసి ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసేది. మా అవ్వ ఏమీ అనలేదంటే అదే పెద్ద బిరుదు. నా పోగు చూస్తే మాత్రం "దీంతో ఎద్దును కట్టొచ్చే" అనేది.

ఆ ఏడు మా ఇద్దరికీ మారియమ్మ జాతరలో మొదటిసారి ముళప్పారి ఎత్తే వంతు వచ్చింది. నవధాన్యాల మొలకలు పెంచిన కుండలవి. ఆడపిల్లలు వాటిని నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా అమ్మవారి గుడికి పోతారు. మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. మొదటిసారి కుండ ఎత్తే పిల్ల తన చేత్తో వడికిన నూలుతో నేసిన కొత్త గుడ్డే కట్టాలి. కొన్న గుడ్డ పనికిరాదు, అమ్మ వడికిందీ పనికిరాదు. మేమిద్దరం కూడబలుక్కుని ఒక పథకం వేశాం. నా నూలూ దాని నూలూ కలిపి ఒకటే గుడ్డ నేయించాలి, దాన్ని నడిమికి చింపి చెరొక ముక్కా కట్టుకోవాలి. మగ్గాల వీధిలో ఒక నేతతాత ఉండేవాడు. ఆయన్ను అడిగితే నవ్వి, నూలు తీసుకురండి చూద్దాం అన్నాడు. ఇంక మాకు నేల మీద కాలు నిలవలేదు. ఐదు నెలలపాటు ఎవరి తకిలి మీద వాళ్ళం వడికి, ఎవరి ఉండ వాళ్ళం చుట్టుకుంటూ వచ్చాం. జాతరకు ఇంకా నెల ఉందనగా నా వంతు నిండింది. దానిది సన్న నూలు గదా, ఇంకో పావువంతు మిగిలింది.

అప్పుడే వాడిపట్టి నుంచి మా పెద్దమ్మ కూతురు చుట్టపు చూపుగా వచ్చింది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, ఓణీ వేసుకునేది, మధురను చూసిన మనిషి. అది ఏం మాట్లాడినా నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఒకరోజు పత్తి తీసే కూలీల వెంట మేం ముగ్గురం చేనికి పోయాం. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని నా జతగత్తె తకిలి తీసింది. అది ఎడమచేత్తో తిప్పడం చూసి మా పెద్దమ్మ కూతురు కిసుక్కున నవ్వింది. తరవాత నవ్వు ఆపేసి, పుర్రచేత్తో వడికిన గుడ్డ కట్టి అమ్మవారి కుండ ఎత్తుతారా అని అడిగింది. తమ పక్క పాడె కట్టే తాడునే ఎడమకు పేనుతారని చెప్పింది. అది నిజమో, మమ్మల్ని బెదిరించడానికి అప్పటికప్పుడు కల్పించిందో నాకు ఈనాటికీ తెలీదు.

నాకు భయం ఒకటి, పెద్దమ్మ కూతురి ముందు తలవంపు ఇంకొకటి. రెండూ కలిసి నా నోట్లోంచి ఏమొచ్చిందో చెబుతాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నీ పీచాంగై నూలు నాకొద్దు. కుడిచేత్తో మళ్ళీ వడుకు, లేదంటే నా నూలుతో కలపను పో" అన్నాను. పీచాంగై అనేది ఎడమచేతిని ఈసడించుకుంటూ అరవంలో అనే మాట. ఊళ్ళో పోకిరీ పిల్లలు దాన్ని అలా పిలిస్తే రాళ్ళు పుచ్చుకుని తరిమినదాన్ని నేనే. ఆ మాట నేనే అన్నాను.

అది తన ఎడమచేతిని కాసేపు చూసుకుంది. తకిలిని నేల మీద పెట్టి, లేచి, పత్తి సాళ్ళ మధ్య నుంచి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. వెనక నుంచి దాని జడ కదలడం కనబడుతూనే ఉంది. పరిగెత్తి పట్టుకోవాలని నా కాళ్ళకు ఉంది. కానీ పక్కన పెద్దమ్మ కూతురు ఉంది గదా, అది చూస్తోంది గదా. అందుకని కూర్చున్నాను. పొద్దు వాలాక అందరితో పాటు లేస్తూ, అది వదిలేసిన తకిలిని, ఎప్పుడూ వెంట తెచ్చుకునే దాని నూలు ఉండను తీసి ఒళ్ళో దాచుకున్నాను. రేపు పొద్దున్నే ఇచ్చి, నాలుగు తిట్టించుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రం గోడ అవతల వాళ్ళమ్మ నవ్వడం వినబడింది. ఏదో మాట్లాడుకుంటున్నారు, అత్త గొంతు ముచ్చటగా ఉంది. ఓహో, నేను లేకపోయినా దానికి బాగానే ఉందన్నమాట అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. మా అవ్వ, పక్కింటి పిల్ల ఈ పూట రాలేదేమే అని అడిగితే, నాకేం తెలుసు అని విసుక్కుని కంచం ముందు కూర్చున్నాను.

మర్నాడు పొద్దున గోడ మీదుగా పిలుపు రాలేదు. నేనే పోదామని తలుపు తీస్తే మా నాన్న రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. పక్కింటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఊళ్ళోకి వాంతిభేది వచ్చింది. ఆ రోజుల్లో అది వచ్చిందంటే వైద్యమూ లేదు, వైద్యుడూ లేడు. తెల్లవారుజామున దానికి మొదలైందట. ఇంట్లోంచి ఎవరూ బయటికి కదలకూడదన్నారు. నేను గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. ఏమీ వినబడలేదు, చెంబు పెట్టిన చప్పుడూ, తీసిన చప్పుడూ తప్ప. పొద్దు వాలే వేళకు అత్త ఒక్కసారి గట్టిగా అరిచింది. తలుపు సందులోంచి చూస్తే చాపలో చుట్టి తీసుకుపోతున్నారు. చాప మిగిలిపోయి కొస వేలాడుతోంది. అంత చిన్నది అది. దాని గుడ్డలూ పక్కా ఊరి పొలిమేరలో పెట్టి కాల్చేశారు. ఆ వారంలో ఊళ్ళో ఇంకా కొందరు పోయారు. జాతర ఆగిపోయింది. మొలకలు పెంచడానికి తెచ్చిన కుండలు బావి గట్టు మీద అలాగే బోర్లించి ఉండిపోయాయి.

దాని తకిలి నా దగ్గరే ఉందని ఎవరికీ చెప్పలేదు. చెబితే కాల్చేస్తారు. మా ఇంట్లో పత్తి పోసే గదిలో, గుట్ట అడుగున దూర్చి పెట్టాను. నాలుగు రోజులు దాని జోలికి పోలేదు. ఐదో రోజు నాకొక ఆలోచన వచ్చింది. పావువంతు మిగిలిందన్నాను గదా, అది నేను వడికి నిండిస్తే? అప్పుడు గుడ్డ నేయించొచ్చు. వద్దన్న నేనే పూర్తి చేస్తే అది చూస్తుంది, ఎక్కడుందో అక్కడి నుంచి చూస్తుంది, అనుకున్నాను. పదేళ్ళ పిల్ల బుర్ర.

పగటిపూట అందరూ చేనికి పోయాక ఆ గదిలో కూర్చుని, దాని పోగు కొసను విప్పి, పైన నా ఏకు పొరను వేసి, తకిలి తిప్పాను. అతుక్కున్నట్టే అతుక్కుంది. రెండు చుట్లు తిరిగేసరికి పోగు మెత్తబడి, లావెక్కి, మళ్ళీ దూదిలా అయిపోయి తెగి కిందపడింది. మళ్ళీ అతికాను, మళ్ళీ తెగింది. తెగింది నా పోగు కాదు, అది వడికిన పోగే. నేను తిప్పేకొద్దీ అది నూలు కాకుండా పోతోంది. అంత సన్నటి, అంత గట్టి నూలు, ఎవరు లాగినా తెగని నూలు, నా చెయ్యి తగలగానే విడిపోతోంది. ఆ రోజు తెగింది, మర్నాడు తెగింది, ఆ మర్నాడూ తెగింది.

నాకు అర్థమైందనుకున్నాను. అది నన్ను వద్దంటోంది. నా నూలుతో కలపను పొమ్మన్నాను గదా, ఇప్పుడు అది కలపనివ్వడం లేదు. అంతకన్నా ఇంకేముంటుంది? అప్పటి నుంచి నాకు గంజి దిగలేదు. మా అమ్మ నాకూ జబ్బే తగిలిందని వణికిపోయి మారియమ్మకు మొక్కుకుంది. జబ్బు కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంత పెద్ద నోరు!

మా అవ్వ కనిపెట్టింది. ఒకనాడు చేనికి పోయినట్టే పోయి సగం దారిలో వెనక్కి వచ్చి గది తలుపు తోసింది. నా చేతిలో ఉన్నది ఎవరి తకిలో చూడగానే ఆవిడకు తెలిసిపోయింది. జబ్బింటి నూలు ఇంట్లో పెట్టుకున్నానని చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ చతికిలబడి కూర్చుని "ఏమే ఇది?" అంది, అంతే. నేను మొత్తం కక్కేశాను. చేనిలో అన్న మాట, రోజూ తెగుతున్న పోగు, అది నన్ను వద్దనడం, అన్నీ.

ముందు ఆవిడ ఆ నూలంతా విప్పి తీసుకుంది. పొయ్యి దగ్గరికి పోతుంటే కాల్చేస్తోందని ఆవిడ కాళ్ళు చుట్టేసుకున్నాను. కాల్చలేదు. బూడిద నీళ్ళలో వేసి సలసలా ఉడకబెట్టి, రెండు రోజులు ఎండలో ముళ్ళకంపమీద ఆరేసింది. తకిలిని కూడా మరిగే నీళ్ళలో ముంచి తీసింది. మా నాన్న అడిగితే, నా నూలు నా ఇష్టం, నీకెందుకురా అని కసిరింది. ఆవిడ నోరే నాకు వచ్చిందేమో.

నూలు ఆరాక నన్ను ఎండలోకి పిలిచి, దాని పోగు ఒకటి, నా పోగు ఒకటి పక్కపక్కన ఒళ్ళో పరిచి, వంగి చూడమంది. చూశాను. నా పోగులో మెలిక ఒక పక్కకు వాలి ఉంది, దాని పోగులో ఇంకో పక్కకు. ఐదు నెలలు పక్కన కూర్చుని వడికాం, ఒక్కరోజూ అలా చూడలేదు. మా అవ్వ "ఇది కోపం గాదే పిచ్చిమొగమా, పురి. దాని చెయ్యి అట్ల తిప్పింది, పురి అట్ల పడింది. నువ్వు ఎదురు తిప్పతా ఉంటే విడిపోక ఏమి చేస్తాది?" అంది.

నా గుండెల మీద నుంచి బండ దిగాలి గదా అప్పుడు? దిగలేదు. నేను ఒకటే అడిగాను. "అయితే దానికి నామీద కోపం లేదా అవ్వా?"

ఇంకెవరైనా అయితే లేదమ్మా, దానికి కోపమెందుకుంటుంది, దేవుడి దగ్గర హాయిగా ఉంది అని చెప్పేవాళ్ళు. మా అమ్మ అయితే తప్పకుండా అలాగే చెప్పేది. మా అవ్వ మాత్రం "అది నాకు తెలీదు" అంది. నేను అప్పుడు ఏడ్చాను. అది పోయిననాడు కూడా అలా ఏడవలేదు. ఆవిడ వద్దనలేదు, ఊరుకో అనలేదు, ఏడిచినంతసేపూ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను కుదుటపడ్డాక తకిలి తీసి నా ఎడమచేతిలో పెట్టింది. దాని నూలు పెంచాలంటే దాని చేత్తోనే వడకాలంది.

ఆ పదిహేను రోజులు చెబితే మీరు నవ్వుతారు. నా ఎడమచెయ్యి నాది కాదు, ఎవరిదో తెచ్చి భుజానికి తగిలించినట్టు ఉండేది. తకిలి తిప్పబోతే చేతిలోంచి ఎగిరి కోళ్ళ మధ్య పడేది. తిరిగినా నాలుగు చుట్లకే నీలిగేది. వచ్చిన పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం, అంతా బొడిపెలు. బొటనవేలు పొక్కి, పొక్కు చితికి మంట. మా అవ్వ కూడా పక్కన కూర్చుని ఎడమచేత్తో తిప్పబోయేది. ఆవిడది నాకన్నా అధ్వాన్నం. అరవై ఏళ్ళుగా వడుకుతున్న మనిషి, ఒక మూరెడు నూలు రాక తకిలిని తిట్టుకునేది. నన్ను ఒక్కదాన్నే అవస్థపడనివ్వడం ఇష్టం లేక చేసిందని పెద్దయ్యాక గానీ తెలియలేదు.

మణికట్టు నొప్పి పుట్టినప్పుడల్లా నాకు గరిటె కాడ గుర్తొచ్చేది. రోజుకు ఒక్కసారి, ఒక్క పనికి చెయ్యి మార్చుకుంటేనే నాకు ఇంత కష్టంగా ఉందే. అది తినేటప్పుడు, తుడిచేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు, లేచింది మొదలు పడుకునే దాకా ఇలా ఎవరిదో చెయ్యి పెట్టుకుని బతికింది. ఒక్క తకిలి దగ్గరే దాని చెయ్యి దానికి ఉండేది. అక్కడికి పోయి నేను ఆ మాట అన్నాను.

పదహారో రోజో ఏదో, మిట్టమధ్యాహ్నం, అతుకు నిలబడింది. తకిలి ఎడమకు తిరిగింది, దాని పోగు గట్టిపడింది, నా పోగు దాంట్లోంచి సాగింది. అతికిన చోట పురుగు చుట్టుకున్నట్టు లావుగా ఉంది గానీ తెగలేదు. లాగి చూశాను, తెగలేదు. మా అవ్వ గోటి మీద వేసుకుని చూసి ఏమీ అనలేదు.

కాసేపయ్యాక "నూలు అతుక్కునింది. నువ్వన్న మాట ఉండాది గదా, దాన్ని ఎవరికి చెప్తావు? దానికి తల్లి ఉండాది. పో" అంది. నేను పోనన్నాను. అత్త నా మొహం చూస్తే నా ప్రాణం పోతుందన్నాను. అవ్వ వినలేదు. నన్ను మా గుమ్మం దాకా చెయ్యి పట్టి తీసుకుపోయి, అక్కడ వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

పక్కింటి వాకిట్లో అత్త పత్తి ముందు పెట్టుకుని గింజ తీస్తోంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి నవ్వబోయింది, అది ఇంకా బాధ. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. పీచాంగై అన్న మాట కూడా ఆవిడ ముందు పలికాను. చెప్పి, తిట్టినా కొట్టినా పడదామని కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

ఆవిడ లేచి లోపలికి పోయింది. ఇంక రాదేమో, ఇంటికి పోదామా అనుకునేంతసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఒక తకిలి ఉంది. అది ఆవిడది. దాని మీద కాస్త నూలు ఉంది, రెండు మూడు మూరలు ఉంటుందేమో. నా చేతికి ఇచ్చింది. చూశాను. ఒకచోట లావు, ఒకచోట సన్నం, అంతా బొడిపెలు, నాలుగు చోట్ల తెగి అతికిన గుర్తులు. నేను అలాంటి నూలే పదిహేను రోజులుగా వడుకుతున్నాను, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి మార్చుకుని వడికిన నూలు అది. కానీ మెలిక నా పోగు వాలినట్టే వాలి ఉంది. కుడి పురి.

"చేనినుంచి వచ్చి అడిగింది" అంది అత్త. "ఎడమచెయ్యి నడుముకు కట్టేయమ్మా, ఏకు పట్టుకునే దానికి వేళ్ళుంటే చాలు, కుడిచేత్తో తిప్పేది నేర్చుకుంటా అని. ఇన్నేళ్ళకు బుద్ధి వచ్చిందని నేను సంతోషపడినా. నవ్వతా కట్టినా. పడుకునేటప్పుడు విప్పబోతే వద్దనింది. రేపు పొద్దున్నే అమ్మిణికి చూపించాల, అప్పుడు విప్పు అనింది."

గోడ అవతల నేను విన్న నవ్వు అది.

ఆవిడ మిగతాది కూడా చెప్పింది. తెల్లవారుజామున వాంతులు మొదలయ్యాయి. ఇల్లంతా ఉరుకులు పరుగులు, కట్టు సంగతి ఎవరికీ గుర్తు లేదు. మధ్యాహ్నం చెంబుతో నీళ్ళు ఇస్తే పట్టుకోవడానికి దాని ఎడమచెయ్యి లేవబోయి లేవలేదు. అప్పుడు చూసింది ఆవిడ. విప్పిందట. విప్పాక ఆ చేత్తోనే చెంబు పట్టుకుని తాగిందట. అదే ఆఖరు.

"నువ్వు ఒక మాట అన్నావు. నేను ఆరేళ్ళు కొట్టినాను తల్లీ" అంది. ఇద్దరం అప్పుడు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఊరు వినేలా ఏడ్చాం. ఎవరు ఎవర్ని ఓదార్చారో తెలీదు. ఏడుపు ఆగాక ఆవిడ నా ఎడమచెయ్యి తెరిచి, చితికిన బొటనవేలిని చూసి, ఆ చేతిని తన చెంపకు ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. తన కూతురి చెయ్యిని ఆవిడ ఎప్పుడైనా అలా పట్టుకుందో లేదో.

తరవాత ఎడమకు ఎలా తిప్పాలో తనకూ చూపించమని అడిగింది. రోజూ ఇంటిపనులయ్యాక పోయేదాన్ని. మిగిలిన పావువంతు ఇద్దరం కలిసి ఎడమచేతులతో వడికాం, రెండు నెలలు పట్టింది. నేతతాత దగ్గరికి ఇద్దరమే పోయాం. ఆయన రెండు ఉండలూ నలిపి చూసి, ఇది ఎదురు పురి గదా అన్నాడు. నేను ఉండలు వెనక్కి తీసుకోబోయాను. ఆయన మాత్రం తాపీగా, నీది పడుగు పెడతాను, ఇది పేక వేస్తాను, ఎదురు పురి పేకగా పడితే గుడ్డ మెత్తగా వస్తుంది, మంచిదే అన్నాడు. అది ఆయనకు రోజూ చేసే పని. పుర్రచేతి నూలు సంగతి మేం మొదటే ఆయన్ను అడిగుంటే ఆ మాట మొదటే చెప్పేవాడు.

గుడ్డ నిజంగానే మెత్తగా వచ్చింది. చెరిసగం చింపుకున్నాం. నా సగం కట్టి కట్టి చిరిగి, చివరికి నా పెద్దకొడుకు పొత్తిగుడ్డ అయింది. అత్త సగం ఆవిడతోనే పోయింది, ఆవిడ చెప్పి పెట్టిన ప్రకారం ఆవిడ మీద కప్పారు. ఆ కుడి పురి నూలు ఏమైందో నేను అడగలేదు. మా అవ్వ ఆ మరుసటేడే పోయింది. ఆవిడ చెప్పిన రెండు మాటలు, తెలీదు అన్నదీ, పో అన్నదీ, వాటి విలువ నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. దానికి నామీద కోపం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. కుడిచేత్తో వడికిందంటే కోపం లేదనుకుంటాను ఒకరోజు. చెయ్యి కట్టించుకునేంత బాధ పెట్టాననుకుంటాను ఇంకోరోజు.

నాకు మిగిలినవి మనవరాలు పొయ్యిలో పెట్టబోయిన ఆ తకిలి, ఒక అలవాటు. ఎవరితోనైనా మాట తూలితే ఆ పొద్దు దాటనివ్వను. నా నోరు మారలేదు, అందుకని నా కాళ్ళకు పని ఎక్కువ. వానలో తడుస్తూ పోయి పాలేరు గుడిసె ముందు నిలబడి తప్పు నాదేనన్న రోజులున్నాయి. ఊళ్ళో నవ్వుకుంటారు, దీపాలు పెట్టే వేళకు ముసల్ది ఎవరింటికో బయలుదేరింది చూడండర్రా అని. నా కోడలు, పొద్దున పోవచ్చు గదా అత్తా, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అంత దూరం ఎందుకు అంటుంది. ఆనాడు మా రెండు గుమ్మాలకూ మధ్య పది అడుగులు కూడా లేవు. నేను పోలేదు.